ఒరిగామి బొమ్మల్ని ఆరుబయట ఫొటో తీయడం: పచ్చ నీడ, గాలి, తేమ

మడతచీటీ:

నమస్కారమండీ. ఒరిగామి బొమ్మల్ని బల్ల మీద తెల్ల అట్ట ముందు పెట్టి తీస్తే ఫొటోలు బాగానే వస్తున్నాయి. ఇప్పుడు గడ్డిలో, బండల మీద, చెట్టు మొదట్లో పెట్టి తీయాలని ఉంది. బొమ్మలు మూడు: 15 సెం.మీ. తెల్ల కాగితంతో మడిచిన సంప్రదాయ జపాను కొంగ, మందపాటి ఖాకీ కాగితాన్ని తడిపి మడిచిన ఏనుగు, రేకు కాగితంతో కొమ్ముపురుగు. కెమెరా ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సరుది, లెన్సు కెమెరాతో వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్సే. ట్రైపాడ్ ఉంది. ఫోనులో 3 రెట్ల టెలిఫొటో కూడా ఉంది. ఊరు విశాఖ, కాబట్టి గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది.

ఇబ్బందులివి. కొంగ తెల్లగా రావడం లేదు, పొట్ట కింద ఆకుపచ్చగా కనిపిస్తోంది. ముక్కు స్పష్టంగా వస్తే రెక్కలు మసకబారుతున్నాయి. చిన్న గాలికే పక్కకు ఒరిగిపోతోంది. ఏనుగు కాళ్లు అరగంటలో మెత్తబడి విచ్చుకున్నాయి. పురుగు వీపు మీద తెల్లటి మెరుపు మచ్చలు పడుతున్నాయి. వీటికోసం పొలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) కొనొచ్చా?

లోయమడత:

మడతచీటీ గారూ, పచ్చదనం కెమెరా తప్పు కాదండీ. గడ్డి మీద పడిన ఎండ పచ్చరంగు పులుముకునే పైకి లేస్తుంది. తెల్ల కాగితం దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. పైనుంచి ఆకాశపు నీలం, కిందనుంచి గడ్డి పచ్చ, ఒకే కొంగ మీద రెండు రంగుల వెలుగు. అందుకే తర్వాత కంప్యూటర్లో వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెల్లగా చూపే సర్దుబాటు) ఎంత తిప్పినా, వీపు సరిపడితే పొట్ట చెడుతుంది. తీసేటప్పుడే సరిచేసుకోవాలి.

ఎ4 సైజు తెల్ల అట్టను కొంగకు 15-20 సెం.మీ. దూరంలో, కెమెరా వైపు, ఫ్రేముకు కాస్త బయట నేల మీద పరవండి. అట్ట నుంచి వచ్చే తెల్ల వెలుగు గడ్డి వెలుగును మించిపోతుంది, పొట్ట కింది పచ్చదనం చాలావరకు పోతుంది. ఇంకా మిగిలితే కొంగ నిలబడే చోట గడ్డి బదులు ఎండుటాకులో, బూడిదరంగు రాయో ఉండేలా చూసుకోండి. గడ్డి వెనకాల మసకగా కనిపిస్తే చాలు, కొంగ కింద ఉండక్కర్లేదు. గ్రానైటు బండలు ఇందుకు చాలా మంచివి, వాటికి సొంత రంగు తక్కువ. ఎర్రమట్టి మీద పెడితే పొట్టకు గులాబీ ఛాయ వస్తుంది. అది కంటికి వెచ్చగానే ఉంటుంది కాబట్టి నేనైతే దాన్ని సరిచేయమని చెప్పను.

కాగితం రకం కూడా చూసుకోండి. జిరాక్స్ కాగితంలాంటి మరీ తెల్లటి కాగితాల్లో మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు. అది కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది. నీడలో అలాంటి కాగితం మరింత నీలంగా కనబడుతుంది. ఆరుబయట ఫొటో కోసమే మడుస్తుంటే కాస్త మీగడరంగు కాగితం ఎంచుకోండి. ఫొటోలో అదే తెల్లగా, సహజంగా కనిపిస్తుంది.

ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) సంగతి. తెల్ల బొమ్మకు ఎక్స్‌పోజర్ పెంచాలని అందరూ చెబుతారు, అది సగమే నిజం. ఫ్రేము నిండా తెల్ల కాగితమే ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, అప్పుడు పెంచాలి. వెనకంతా చీకటి పొదలుండి కొంగ చిన్నదిగా ఉంటే మాత్రం కెమెరా పొదల్ని చూసి వెలుగు పెంచేస్తుంది. అప్పుడు కాగితం మీద గీతలన్నీ ఎగిరిపోతాయి. ఈ గందరగోళం లేకుండా స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటే వెలుగు కొలవడం) పెట్టి, ఎండ పడుతున్న రెక్క మీద కొలిచి, ఎక్స్‌పోజర్ +1.3 దగ్గర మొదలుపెట్టండి. హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు పంపిణీని చూపే గ్రాఫు) కుడి గోడను తాకకూడదు. కెమెరా ఏ మార్పూ చేయని ముడి ఫొటో, అంటే రా ఫైల్‌లో తీయండి. మొదటి ఫొటోలో కొంగ పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి తీసుకుంటే తర్వాత రంగు సరిచేయడం తేలిక.

గట్టుమీద:

స్పష్టత విషయంలో లెక్క చూస్తే అయోమయం పోతుంది. మీ కెమెరాలో ఫ్రేము వెడల్పు బొమ్మ దగ్గర 22 సెం.మీ. ఉండేలా తీస్తున్నారనుకుందాం, అంటే 15 సెం.మీ. బొమ్మ మూడింట రెండొంతులు నిండుతుంది. అప్పుడు స్పష్టంగా వచ్చే లోతు (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం, అంటే ఎపర్చరు, చిన్నదవుతుంది) ఎఫ్/5.6 దగ్గర సుమారు 2 సెం.మీ., ఎఫ్/8 దగ్గర 3, ఎఫ్/11 దగ్గర 4 పైచిలుకు, ఎఫ్/16 దగ్గర 6.

ఇప్పుడు కొంగను కొలవండి. 15 సెం.మీ. కాగితంతో చేసిన కొంగకు ఒక్కో రెక్క, మడత దగ్గర్నుంచి కొస దాకా, 7.5 సెం.మీ. ఉంటుంది. పక్కనుంచి తీస్తున్నప్పుడు రెక్కలు బల్లపరుపుగా చాచి ఉంటే ఒకటి కెమెరా వైపు 7.5, ఇంకొకటి అవతలికి 7.5, మొత్తం 15 సెం.మీ. లోతు. అంత లోతును ఏ ఎపర్చరూ మొయ్యలేదు. అదే రెక్కల్ని 70 డిగ్రీలు పైకి లేపితే కొసల మధ్య దూరం 5 సెం.మీ.కు దిగుతుంది, ఎఫ్/11-ఎఫ్/16 మధ్య అది సరిపోతుంది. అంటే సగం పని లెన్సుతో కాకుండా రెక్క వంపుతోనే అయిపోతుంది. ముక్కు, తోక రెండూ సెన్సరుకు సమాంతరంగా ఉండాలి. కొంగను రెండు మూడు డిగ్రీలు తిప్పి, తెర మీద 10 రెట్లు పెద్దది చేసి, రెండు కొసలూ చూసుకోండి. ఫోకస్ తల మీద ఉండాలి. తల స్పష్టంగా ఉంటే అవతలి రెక్క కొస కాస్త మెత్తగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు.

ఎఫ్/16 దాటి వెళ్లకండి. ఈ సెన్సరు మీద అక్కడినుంచి డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు చెదరడం) వల్ల కాగితపు నారలు మెత్తబడతాయి. వేర్వేరు ఫోకస్‌లతో 8-10 ఫొటోలు తీసి కలిపే పద్ధతి ఉంది కానీ గాలి పూర్తిగా ఆగితేనే. బొమ్మ కదలకపోయినా పక్కన గడ్డి పోచ కదిలితే చాలు, కలిపాక దానికి రెండు మూడు నీడలు కనిపిస్తాయి.

గాలికి ఒరగడం. 60 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 60 గ్రాముల) కాగితమైతే 15 సెం.మీ. చదరం బరువు 1.35 గ్రాములు, కొంగ మొత్తం బరువు అంతే. దాన్ని నేల మీద ఊరికే పెట్టి నిలబడమంటే ఎలా? కొంగ పొట్ట కింద, గాలి ఊది ఉబ్బించే చిన్న రంధ్రం ఉంటుంది కదా, అదే ఆధారం. 0.8-1 మి.మీ. ఇనుప తీగ ముక్క 12 సెం.మీ.ది తీసుకోండి. ఒక కొస 2 సెం.మీ. చిన్న గుండ్రంగా చుట్టి రంధ్రంలోంచి లోపలికి దూర్చండి, లోపల ఆ చుట్టే దన్ను. ఇంకో కొస మట్టిలోకి 6-7 సెం.మీ. గుచ్చండి. బండ మీదైతే కొసను చిన్న బంకమట్టి ముద్దలో గుచ్చి, ముద్దను కెమెరాకు అవతలి వైపు, రాయి వెనక దాచండి. తీగ కొంగను రెండు సెం.మీ. పైకి ఎత్తినా ఎగిరే కొంగ అవుతుంది. దారంతో వేలాడదీయాలంటే సన్నటి గాలపు నైలాన్ దారం వాడాలి, అదీ రెండు చోట్ల కట్టాలి. ఒక్కచోటే కడితే గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. దారం ఎండకు తళుక్కుమంటుంది, తర్వాత చెరపడం పెద్ద పని. తీగే మేలు.

బ్లూ-ట్యాక్ లాంటి జిగురు ముద్దలు కాగితానికి నేరుగా అంటించకండి. ఎండవేడికి అందులోని నూనె కాగితంలోకి దిగి మరక పడుతుంది.

షట్టర్: నీడలో ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సరు వెలుగును పట్టే చురుకు) 400 దగ్గర సుమారు 1/125 సెకను వస్తుంది. తీగ గుచ్చిన కొంగకు అది చాలు. గడ్డి ఊగుతుంటే ఐఎస్ఓ 800కు పెంచి 1/250 వాడండి. గాలి ఒకేలా వీయదు, విసురుకూ విసురుకూ మధ్య రెండు మూడు సెకన్ల విరామం దొరుకుతుంది. రెండు సెకన్ల టైమర్ బదులు చేతిలో రిమోటు ఉంటే ఆ విరామం దొరకబుచ్చుకోవచ్చు.

టిష్యూరేకు:

కొమ్ముపురుగు కోసం పొలరైజర్ కొనకండి. నీటి మీద, ఆకు మీద, వార్నిషు మీద పడే మెరుపును అది తగ్గిస్తుంది. లోహం నుంచి వచ్చే మెరుపు ఆ తీరుగా పొలరైజ్ కాదు, కాబట్టి అల్యూమినియం రేకు మీద దాని ప్రభావం దాదాపు శూన్యం. పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తినేస్తుంది. బొమ్మ పక్కన తడి ఆకులో, తడి రాళ్లో ఉంటే వాటి మెరుపు తగ్గించడానికి మాత్రం పనికొస్తుంది.

రేకు అద్దంలాంటిది. దాని ముందు ఏముంటే అది కనిపిస్తుంది. మచ్చ అంటే సూర్యుడి ప్రతిబింబం. సూర్యుడి బదులు పెద్ద తెల్ల తెర కనిపించేలా చేస్తే మచ్చ పోయి మెత్తటి జిగి వస్తుంది. 50 సెం.మీ. చదరం బటర్ పేపరునో, తెల్ల పంచె గుడ్డనో చట్రానికి బిగించి బొమ్మకు 30 సెం.మీ. పైన, సూర్యుడికి అడ్డంగా పట్టుకోండి. దగ్గరగా ఉంటేనే ఫలితం. మీటరు దూరం జరిపితే తెర చిన్నదైపోయి మళ్లీ మచ్చ మొదలవుతుంది. తెర ఫ్రేములోకి రాకూడదు.

అసలు మందు మడిచేముందే ఉంది. వంటింటి అల్యూమినియం రేకుకు రెండు వైపులా స్ప్రే జిగురుతో టిష్యూ కాగితం అంటించి మడవండి. బయట టిష్యూ కాబట్టి మెరవదు, లోపల రేకు కాబట్టి కాళ్లు వంచిన చోట వంచినట్టు ఉంటాయి. తేమకూ సులువుగా లొంగదు. ఆరుబయట పురుగు బొమ్మలకు దీన్ని మించిన కాగితం లేదు.

నిమ్ముచెమ్మ:

ఏనుగు కాళ్లు ఎందుకు విచ్చుకున్నాయో చెబుతాను. తడిపి మడిచే పద్ధతిని కనిపెట్టింది జపాను ఒరిగామి కళాకారుడు అకీరా యోషిజావా (1911-2005). దాని కిటుకంతా కాగితంలోని గంజిలో ఉంది. తడిస్తే గంజి కరిగి నారలు జరుగుతాయి, ఆరితే గంజి గట్టిపడి నారల్ని కొత్త వంపులో పట్టుకుంటుంది. మళ్లీ తడి తగిలితే అదే గంజి మళ్లీ కరుగుతుంది. బొమ్మ తయారైన దారిలోనే వెనక్కి నడుస్తుంది. మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పూసి మడిచినా అంతే, అది కూడా చల్లటి నీళ్లలో కరిగేదే.

కాళ్లే ముందు ఎందుకు పోతాయంటే, బరువంతా వాటి మీదే, నేల చెమ్మ పీల్చుకునేదీ అవే. ఓహెచ్‌పీ షీటును (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) ఒక్కో పాదం ఆకారానికి, అంచు నుంచి 1 మి.మీ. లోపలికి, కత్తిరించి అడుగున పెట్టండి. కెమెరాకు కనిపించదు, నేల నుంచి చెమ్మ పైకి ఎక్కదు. పైనుంచి గాలి తేమ ఎలాగూ వస్తుంది. దానికి మ్యాట్ అక్రిలిక్ స్ప్రే 25-30 సెం.మీ. దూరం నుంచి పల్చగా రెండు మూడు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకొకటి. ఒకేసారి మందంగా కొడితే పలచటి కాగితం నూనె పడ్డట్టు ముదురుతుంది. అదే కాగితం ముక్క మీద ముందు కొట్టి చూడండి. మైదా జిగురు మాత్రం ఆరుబయటి బొమ్మలకు వద్దు, చీమలు వదలవు.

అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ బయట ఉండే సమయం తగ్గించడం. చోటు వెతకడం, ఫ్రేము కుదర్చడం, ఫోకస్, ఎక్స్‌పోజర్, ఇవన్నీ అదే రంగు కాగితాన్ని అదే సైజులో నలిపి చేసిన ఉండతో చూసుకోండి. అన్నీ సిద్ధమయ్యాకే ఏనుగును పెట్టెలోంచి తీయండి. పది నిమిషాల్లో పని అయిపోవాలి, మళ్లీ పెట్టెలోకి. పెట్టెలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు ఉంచండి. ఏసీ గదిలోంచో కారులోంచో నేరుగా బయటికి తెచ్చి తెరవకండి. చల్లటి లెన్సు మీద, పెట్టె లోపల ఆవిరి పడుతుంది. సంచీ మూసే ఉంచి 20-30 నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

మడతచీటీ:

అందరికీ ధన్యవాదాలండీ, రెక్కల లెక్క చూశాక విషయం అర్థమైంది. ఇంకో మాట. వెలుగు ఎప్పుడు మంచిది? చాలాచోట్ల నీడలోనే తీయమంటారు. ఫోనుతో తీస్తే ఏం జాగ్రత్తలు? కొంగను ఎక్కడ పెడితే అతికించినట్టు కాకుండా అక్కడిదే అనిపిస్తుంది? నీటి మీద కూడా తీయాలనుంది.

వాలుకిరణం:

నీడ సురక్షితమే, కానీ మడతలు చచ్చిపోతాయి. ఒరిగామిలో చూడాల్సింది మడతే కదా. ప్రతి ముఖం పక్క ముఖం కన్నా కాస్త ఎక్కువో తక్కువో వెలుగులో ఉంటేనే అంచు కనిపిస్తుంది. నాలుగు వైపుల నుంచీ సమానంగా వెలుగొస్తే తెల్ల కొంగ తెల్ల ముద్దగా మారుతుంది. సూర్యోదయం తర్వాత గంటన్నర నుంచి రెండు గంటల మధ్య ఎండ 20-30 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దాన్ని బొమ్మకు పక్కనుంచి పడనివ్వండి, నీడ వైపు లోయమడత గారు చెప్పిన తెల్ల అట్ట పట్టండి. అట్టను దగ్గరికి, దూరానికి జరుపుతూ నీడ ఎంత ముదురుగా ఉండాలో నిర్ణయించుకోవచ్చు. చాలా రోజులు అప్పటికి గడ్డి మీది మంచు కూడా ఆరుతుంది.

పలచటి కాగితమైతే సూర్యుడిని బొమ్మ వెనక పెట్టి చూడండి. ఒక్క పొర ఉన్నచోట కాగితం దీపంలా వెలుగుతుంది, నాలుగైదు పొరలున్నచోట ముదురుగా ఉంటుంది. లోపలి మడతల అల్లిక అంతా బయటపడుతుంది. ఒకే నమూనా పదేపదే వచ్చేలా మడిచే టెస్సలేషన్లకు ఈ వెలుగు ప్రాణం. కొంగకూ బాగుంటుంది. లెన్సులోకి నేరుగా ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టండి.

లోయమడత:

వాలుకిరణం గారితో కొంగ విషయంలో ఏకీభవిస్తాను, ఏనుగు విషయంలో కాదు. తడిపి మడిచిన బొమ్మలో పదునైన అంచులు తక్కువ, మెత్తటి వంపులు ఎక్కువ. నేరు ఎండలో ఆ వంపుల మీద నీడ గీత గీసినట్టు పడి కర్రబొమ్మలా కనిపిస్తుంది. ఏనుగుకు చెట్టు నీడ అంచున, ఒక వైపే ఆకాశం తెరిచి ఉన్న చోటు చూడండి. వెలుగు మెత్తగా ఉంటూనే ఒక వైపు నుంచి వస్తుంది. ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా ఎండ పడే చోటు ఏ బొమ్మకూ వద్దు, చుక్కలు మడతల్ని మింగేస్తాయి.

ఫోను గురించి. 3 రెట్ల లెన్సే వాడండి. మామూలు లెన్సుతో మరీ దగ్గరికి వెళితే ముక్కు పెద్దదై ఒళ్లు చిన్నదవుతుంది. అయితే టెలిఫొటో లెన్సులు చాలా ఫోన్లలో మరీ దగ్గరి వస్తువును పట్టలేవు. దగ్గరికి జరిగేసరికి ఫోను చెప్పకుండా మామూలు లెన్సుకు మారి బొమ్మను కత్తిరించి చూపిస్తుంది. టెలిఫొటో లెన్సును వేలితో మూయండి, తెర మీద బొమ్మ అలాగే ఉంటే మారినట్టే. వెనక్కి జరగండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. సన్నటి ముక్కు, తోక కొసలు నేపథ్యంలో భాగమనుకుని వాటినీ మసక చేస్తుంది. తల మీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌ను, వెలుగును లాక్ చేసుకుని, పక్కనున్న జారుడు గీతతో వెలుగు తగ్గించుకోండి.

గట్టుమీద:

అక్కడిదే అనిపించడానికి కొలత ముఖ్యం. గులాబీ ఆకు పక్కన కొంగను పెడితే కాగితం బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది. నాచు, గరిక, రాలిన చింతాకు, వేరుశనగ గింజంత గులకరాళ్లు, ఇలా చిన్నచిన్నవి ఉన్నచోట బొమ్మ పెద్దదిగా, బతికున్నట్టు కనిపిస్తుంది. పాత చెట్టు వేళ్ల మధ్య నాచు ఉంటే ఏనుగుకు అది కొండ లోయ. కెమెరాను బొమ్మ కంటి ఎత్తుకు దించండి, నేల నుంచి 6-8 సెం.మీ. ట్రైపాడ్ అంత కిందికి రాకపోతే అరకిలో బియ్యం పోసిన గుడ్డసంచి మీద కెమెరా పెట్టండి. నేపథ్యం బొమ్మకు కనీసం మీటరు వెనక ఉండాలి, లేకపోతే ఎఫ్/11 దగ్గర ప్రతి గడ్డి పోచా లెక్కపెట్టేలా వస్తుంది.

వరి నారుమడి గట్టు కొంగకు చక్కగా కుదురుతుంది. కానీ ఒక్క సంగతి: ఒరిగామి కొంగ సారస జాతిది, అది మెడ చాచి ఎగురుతుంది. మన చేలలోని తెల్లకొంగలు ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటాయి. వెనకాల నిజమైన తెల్లకొంగలు ఎగురుతూ ఫ్రేములో పడితే పక్షుల్ని ఎరిగినవాళ్లకు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అవి నేల మీద నిలబడి ఉన్నప్పుడు తీయండి.

మందారం, లిల్లీల మీద పెట్టేటట్టయితే పుప్పొడి దులిపి పెట్టండి. తెల్ల కాగితానికి అంటితే పోదు. జిల్లేడు, రావి కొమ్మలు విరిస్తే పాలు కారతాయి, విరగని కొమ్మ మీదే పెట్టండి.

నిమ్ముచెమ్మ:

నీటికి చెరువు దాకా వెళ్లక్కర్లేదు. నల్లటి ప్లాస్టిక్ ట్రేలో 1 సెం.మీ. నీళ్లు పోసి గడ్డిలో పెట్టండి, అంచులు ఆకులతో కప్పండి. చుట్టూ ఉన్న చెట్లు, ఆకాశం అందులో ప్రతిబింబిస్తాయి. నీళ్లు తక్కువ కాబట్టి అలలు త్వరగా ఆగుతాయి. మధ్యలో నీటి మట్టానికి 1 మి.మీ. పైకి వచ్చే చదునైన నల్లరాయి పెట్టి దాని మీద కొంగను నిలపండి. కెమెరా నీటికి దగ్గరగా, కిందికి ఉంటే రాయి కనిపించదు, కొంగ తేలుతున్నట్టే ఉంటుంది. నేరుగా తేలాలంటే పొట్ట అడుగున కొవ్వొత్తి రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో మైనం కాగితంలోకి ఇంకేలా కరిగించాలి. ఇంకినచోట కాగితం ముదురుగా కనబడుతుంది కాబట్టి అడుగు భాగానికే పరిమితం చేయండి. తామరాకు దొరికితే నీటి చుక్కలు దులిపి నేరుగా దాని మీదే పెట్టొచ్చు, ఆకు నీటిని అంటించుకోదు. ఆకుల మీద మంచు చుక్కలు కావాలంటే బొమ్మ పెట్టకముందే నీళ్లు చల్లండి, పెట్టాక ఒక్క చుక్క కూడా వద్దు.

లేచేటప్పుడు తీగ ముక్కలు, ఓహెచ్‌పీ పాదాలు లెక్కపెట్టుకుని తెచ్చేసుకోండి. గడ్డిలో వదిలేస్తే మేసే పశువు నోట్లోకి పోతాయి.